పొరుగువారి జన్యువులు, దూరదేశపు భాష

లూకా కవాల్లీ-స్ఫోర్జా (1922-2018) ఇటలీలో జన్మించి, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా పనిచేసిన జన్యుశాస్త్రజ్ఞుడు. 2000లో ఇంగ్లీషున వెలువడిన ఆయన గ్రంథం ‘జన్యువులు, ప్రజలు, భాషలు’ సామాన్య పాఠకుని ముందు ఒక చిక్కుప్రశ్న నుంచుతున్నది: భాష వేరైతే జాతి కూడ వేరని అనుకోవచ్చునా?

ఇందుకు ఆయన చూపిన ఉదాహరణలలో హంగరీ ముఖ్యమైనది. హంగరీవారి భాషకు దగ్గరి చుట్టాలు యూరల్ పర్వతాల కావల, ఓబ్ నదీ ప్రాంతంలోని ఖాంతీ, మాన్సీ భాషలు. పక్కనే ఉన్న ఆస్ట్రియావారి జర్మన్‌తో గాని, స్లొవాకుల భాషతో గాని దానికి పుట్టుకలో సంబంధం లేదు. అయినను జన్యువులలో హంగరీవారు ఈ పొరుగువారినే పోలి ఉన్నారు. 9వ శతాబ్ది చివర మగ్యారులు వచ్చి ఆ దేశాన్ని జయించారు. వారి భాష నిలిచినది. వారి జన్యువుల వంతు నేటి ప్రజలలో పదోవంతు మాత్రమేనని గ్రంథకర్త అంచనా.

ఇది ఎట్లా సాధ్యం? తొంబదిమంది ఉన్న ఊరికి పదిమంది పాలకులు వచ్చి చేరారనుకొందాం. కొన్ని తరాలకు ఊరంతా పాలకుల భాషనే మాట్లాడవచ్చును. భాషను ఎవరివద్దనైనా నేర్చుకోవచ్చు. జన్యువులు తల్లిదండ్రుల నుండి తప్ప రావు. అందరికీ సమానంగా సంతానం కలిగినచో, ఆ పదిమంది వంతు పదోవంతుగానే ఉంటుంది. పొరుగూళ్ళతో వియ్యమందిన కొలది ఇంకను తగ్గుతుంది. విద్యార్థికి సైతం బోధపడే ఈ తర్కమే గ్రంథానికి బలం.

బలహీనత పటాలలో ఉన్నది. జన్యుభేదాలను ఒక గణిత పద్ధతితో కుదించి గీచిన పటాలలో అలలవంటి రూపాలు కనబడతాయి. గ్రంథకర్త వాటిని ప్రాచీన వలసల ఆనవాళ్ళుగా చదివినాడు. దూరం పెరిగిన కొలది పోలిక తగ్గితే చాలు, మహావలస ఏదీ లేకున్నను అట్టి అలలు ఏర్పడగలవని 2008లో నొవెంబ్ర్, స్టీవెన్స్ చూపించారు. కనుక పటానికి వేరొక సాక్ష్యం తోడు కావలెను.

హంగరీ విషయంలో అట్టి సాక్ష్యం తరువాత లభించినది. పాత సమాధులలోని ఎముకల డి.ఎన్.ఏ.ను పరీక్షించి 2022లో ప్రకటించిన ఒక అధ్యయనం, జయించి వచ్చిన పెద్దలకు మాన్సీల పూర్వులతో బంధుత్వం ఉన్నదని తేల్చినది. పటాలు సందేహంలో పడినను, హంగరీ వాదం నిలిచినది.

‘ద్రావిడ’ అనేది కూడ భాషా కుటుంబపు పేరే. తెలుగు మాట్లాడేవారి రక్తాన్ని గురించి ఆ పేరొక్కటే ఏమియు చెప్పజాలదు. ఈ పాఠం చెప్పబోయే ఉపాధ్యాయులు గ్రంథంలోని అయిదవ అధ్యాయాన్ని ముందుగా చదువదగును.