ఉచ్చారణ గురువు

పరదేశమేగువారి ఆంగ్లమును పరీక్షించుటకై 2009లో వెలువడిన పీటీఈ అకడమిక్ పరీక్షలో అభ్యర్థి వాక్కును 10 మొదలు 90 వరకుగల కొలమానమున యంత్రము తూచును. అజంతభాషయగు తెలుగునకు అలవడిన నాలుక ‘బస్’ను ‘బస్సు’ చేయుట సహజమే గదా. ఆ తుది ఉకారమును విద్యార్థి మనసు నొప్పింపక మాన్పుటకై, నేనెఱిగిన యొక హైదరాబాదు గురువు, ఏకాక్షరపదమునకు ఒక్క చప్పటయే యని పందెము వేయును. పెదవుల యెదుట సన్నని కాగితము నిలిపి, ‘పిన్’ అన్నప్పుడది రెపరెపలాడవలెననియు, ‘బిన్’ అన్నప్పుడు దాదాపు నిశ్చలముగ నుండవలెననియు ఆట కట్టును. బంతిని చేతులు మార్పించుచు వాక్యలయను నేర్పును. బిడియము నవ్వులో కరగిన పిదప వణకు కంఠము నిలకడ చెందును. యంత్రము గ్రహించునట్లు పలుకుట నేర్పు నెపమున, పరదేశమున తోడి మనుష్యునితో నిర్భయముగ సంభాషించు ధైర్యమును గూడ నొసగు ఈ వృత్తి నిక్కముగా వందనీయము.