నలుపు తెలుపుల లెక్క
(ఫ్లాయిడ్ - స్టైన్‌బర్గ్ పద్ధతిపై విమర్శ)

నలుపు తెలుపులలో అచ్చయిన ఛాయాచిత్రమును భూతద్దముతో పరిశీలించినచో అందు బూడిద రంగు ఎక్కడను కానరాదు. తెల్లని కాగితముపై నల్లని చుక్కలు మాత్రమే కనబడును. దూరమునుండి చూచినపుడు కన్ను ఆ చుక్కలను విడివిడిగా గుర్తింపలేక వాని సగటునే గ్రహించును. ఇట్టి చుక్కలను గణితముతో కూర్చు పద్ధతులలో 1976లో రాబర్ట్ ఫ్లాయిడ్, లూయీ స్టైన్‌బర్గ్ ప్రకటించినది మిక్కిలి ప్రసిద్ధము. అది అంతటి కీర్తికి తగినదేనా?

దాని విలువ తెలియుటకు ముందు అతి సులభమైన పద్ధతిని చూడవలెను. నలుపునకు 0, తెలుపునకు 255 అని సంఖ్యలిచ్చి, 128కి తక్కువైన ప్రతి బిందువును నలుపుగను, తక్కినవానిని తెలుపుగను మార్చవచ్చును. అపుడు 100 విలువగల బూడిదరంగు భాగమంతయు కటిక నలుపగును. ఆకు అడ్డుకోత చిత్రమును ఇట్లు మార్చి ప్రశ్నపత్రములో ముద్రించినచో విద్యార్థికి కణములకు బదులు మసిమరక కనబడును. అతడు జవాబు వ్రాయలేకపోయినచో తప్పు అతనిది కాదు.

1973లో బ్రైస్ బేయర్ ఒకే హద్దునకు బదులు హద్దుల పట్టికను వాడెను. నాలుగు వరుసలు, నాలుగు నిలువులు గల పట్టికతో 17 ఛాయలు లభించును. ప్రతి బిందువును విడిగా లెక్కింపవచ్చును గనుక వేగము హెచ్చు. కాని పట్టిక పదేపదే వచ్చుటచే చిత్రముపై గళ్ళనేత వంటి అల్లిక తేలును.

ఫ్లాయిడ్, స్టైన్‌బర్గ్ పద్ధతి తప్పును దాచదు, పంచిపెట్టును. 100 విలువగల బిందువు నలుపైనపుడు 100 మిగులును. అందు 7/16 వంతు కుడి బిందువునకు, 3/16 క్రింది ఎడమకు, 5/16 నేరుగా క్రిందికి, 1/16 క్రింది కుడికి చేరును. అపుడు కుడి బిందువు 100 నుండి 143.75కు పెరిగి తెలుపగును. ఇట్లు సాగగా ఆ భాగమున నూటికి సుమారు 39 బిందువులు తెల్లనగును. 255లో 100 వంతు అంతియే గదా!

అయినను దోషములు లేకపోలేదు. లెక్క ఎల్లప్పుడు ఒకే దిశగా సాగుటచే లేత, ముదురు భాగములలో చుక్కలు పురుగులు ప్రాకిన జాడలవలె బారులు తీరును. ఒక బిందువు మారినచో తరువాతి చుక్కలును చెదరును. అందుచే కదలు చిత్రములకు ఇది అంతగా తగదు. రాబర్ట్ ఉలిక్నీ 1987లో వెలువరించిన గ్రంథములో వరుస విడిచి వరుసను ఎదురుదిశగా నడపుట, పంపకములో కొంత యాదృచ్ఛికత చేర్చుట అను ఉపాయములను పరిశీలించెను. వీనిచే ఆ జాడలు తగ్గును.

మాకింతోష్ కంప్యూటరు తెరకై బిల్ అట్కిన్‌సన్ మరియొక దారి త్రొక్కెను. మిగులును ఆరు బిందువులకు 1/8 చొప్పున పంచి, తక్కిన నాల్గవ వంతును విడిచిపెట్టెను. చిత్రము తేటగా నిగ్గుతేలును గాని మిక్కిలి చీకటి, మిక్కిలి వెలుతురు గల చోట్ల వివరములు మాయమగును. అలంకారమునకు ఇది చాలును. ఛాయయే సమాచారమైన ఎక్స్‌రే చిత్రమునకు చాలదు.

కావున ఫ్లాయిడ్, స్టైన్‌బర్గ్ పద్ధతి దోషము నడకలో ఉన్నది, సూత్రములో లేదు. నడకను దిద్దవచ్చును. విడిచిన మిగులును మరల రాబట్టలేము. గ్రాఫు కాగితముపై 100 విలువగల గళ్ళతో ఈ లెక్కను ఒకసారి చేసినచో విద్యార్థులకు ఈ భేదము కంటికే కనబడును.