పెట్టె విప్పే ముందు

బతుకమ్మ దగ్గర పడుతుంటే నల్లగొండ, పాలమూరు ఊళ్లలో మైక్ సెట్లు అటకలు దిగుతాయి. దీపావళి వెళ్లగానే కురుమూర్తి జాతర, మాఘంలో చెర్వుగట్టు జాతర. ఈ నెలల్లో రిపేరు బల్ల మీద యాంప్లిఫైయర్లు పేరుకుంటాయి. తెచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట: "అన్నా, రాత్రికల్లా గావాలె."

ఆ తొందరలో కాలిన ట్రాన్సిస్టర్ తీసి కొత్తది బిగించి పంపేస్తే, జాతర సగంలో అదీ కాలుతుంది. అందుకే స్క్రూడ్రైవర్ పట్టకముందే అడుగుతాను: ఎన్ని హారన్లు కట్టారు, వైరు ఎంత దూరం లాగారు, ఆగేముందు ఏ చప్పుడు వచ్చింది? సగం సంగతి ఆ జవాబుల్లోనే తేలిపోతుంది.

గుంయ్‌మంటోందంటే వాల్యూమ్ పూర్తిగా తగ్గించి వింటాను. అప్పటికీ పోకపోతే ముందుగా అనుమానించాల్సింది పవర్ సప్లైలోని ఫిల్టర్ కెపాసిటర్‌ను. మన కరెంటు 50 సైకిళ్లది. బ్రిడ్జి రెక్టిఫైయర్ దాటాక ఆ అలలు 100 అవుతాయి. మన ఎండలకు, మూసిన పెట్టె వేడికి లోపలి ద్రవం ఎండిపోయిన కెపాసిటర్ వాటిని చదును చేయలేదు. వాల్యూమ్‌తో పాటే గుంయ్ తగ్గితే మాత్రం మైకు వైరు షీల్డ్ తెగిందేమో చూడాలి.

అసలు పలకని దాన్ని నేరుగా ప్లగ్గులో పెట్టను. 100 వాట్ల బల్బు సిరీస్‌లో వేసి ఆన్ చేస్తాను. ఒక్కసారి మెరిసి మసకబారితే భయం లేదు. నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టు. అప్పుడు స్విచ్ తీసి, కెపాసిటర్లలో నిలిచిన చార్జిని రెసిస్టర్‌తో దించాకే చేయి పెడతాను. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ 2ఎన్3055 కలెక్టర్, ఎమిటర్‌ల మధ్య మీటరు ఎటు పెట్టినా బీప్‌మంటే అది పోయినట్టే. దానితో పాటు డ్రైవర్ ట్రాన్సిస్టర్లు, ఎమిటర్ రెసిస్టర్లు చూడకపోతే, కింద మైకా, పేస్టు సరిగా వేయకపోతే కొత్తదీ దక్కదు.

ఇంతా చేశాక, కాల్చిన కారణం చాలాసార్లు పెట్టె బయటే దొరుకుతుంది. దూరం హారన్లకు వాడేది 100 వోల్టుల లైను. ప్రతి హారన్‌కూ లైన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి. అన్నిటి వాట్లూ కలిపి యాంప్లిఫైయర్ శక్తిని దాటకూడదు. ట్రాన్స్‌ఫార్మర్ లేని 16 ఓమ్‌ల హారన్ యూనిట్‌ను నేరుగా ఆ లైనుకు కడితే లెక్కప్రకారం 625 వాట్లు అడుగుతుంది. 100 వాట్ల యాంప్లిఫైయర్ ఎక్కడినుంచి తెస్తుంది? స్తంభం దగ్గర అతుకు ఊడి రెండు తీగలు తాకినా అదే గతి.

అందుకే పెట్టెతో పాటు హారన్లూ, వైరూ తెమ్మంటాను. విసుక్కునేవాళ్లు ఉంటారు, వాళ్ల తొందర నాకు తెలుసు. కానీ ఏడాదికోసారి వచ్చే పండుగలో మైకు మూగబోతే ఆ ఊరికి ఆ రాత్రి తిరిగి రాదు. ట్రాన్సిస్టర్ ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది. అది మళ్లీ కాలకుండా చూసే పూచీ మెకానిక్‌ది. ఎందుకు కాలిందో తెచ్చిన మనిషికి అర్థమయ్యేలా చెప్పి పంపితేనే ఆ రిపేరు పూర్తయినట్టు.