విద్యాహక్కు – ఖర్చు లెక్క: కటరీనా తొమషెవ్‌స్కీ రచనల పరిశీలన

వ్యాససంగ్రహం: ఐక్యరాజ్యసమితి తొలి విద్యాహక్కు ప్రత్యేక నివేదకురాలు, న్యాయశాస్త్రాచార్యులు కటరీనా తొమషెవ్‌స్కీ రూపొందించిన చతుస్సూత్రం ప్రపంచమంతటా వాడుకలో ఉంది. ఆ సూత్రానికి ప్రాణమైన రుసుముల ప్రశ్న మాత్రం మరుగున పడింది. ఆమె ఆలోచన బలాన్నీ, అది తడబడే చోటునూ తెలుగునాట నడిచిన విద్యాహక్కు చరిత్రతో పోల్చి ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: విద్యాహక్కు, చతుస్సూత్రం, రుసుము, ఉన్నికృష్ణన్ తీర్పు, బాలకార్మికులు.

క్రొయేషియాలో జన్మించిన తొమషెవ్‌స్కీ (1953–2006) జాగ్రెబ్, హార్వర్డ్ విశ్వవిద్యాలయాల్లో న్యాయశాస్త్రం అభ్యసించారు. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేశారు. మానవహక్కుల కమిషన్ ఆమెను 1998లో ప్రత్యేక నివేదకురాలిగా నియమించింది. 2004 వరకు ఆ బాధ్యతలో ఉన్నారు. లభ్యత, అందుబాటు, ఆమోదయోగ్యత, అనుకూలనశీలత అనే నాలుగు ప్రమాణాలను ఆమె ప్రతిపాదించగా, 1999లో ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల కమిటీ తన 13వ సాధారణ వ్యాఖ్యలో వాటిని స్వీకరించింది.

తెలుగు పత్రికాభాషలో లభ్యత, అందుబాటు అనేవి పర్యాయపదాలుగా చెలామణి అవుతుంటాయి. తొమషెవ్‌స్కీ దృష్టిలో వీటి మధ్య అంతరం చాలా ఉంది. ఊళ్ళో బడి ఉండడం లభ్యత. ఆ బడి గడపను పేదింటి పిల్ల దాటగలగడం అందుబాటు. ఈ రెండింటి నడుమ నిలిచేది చాలా సందర్భాల్లో రుసుమే. బోధన రుసుము రద్దయినా పరీక్ష రుసుము, భవన నిధి, పుస్తకాలు, ఏకరూప దుస్తులు అంటూ అది వేరువేరు పేర్లతో తిరిగి వస్తుంది.

ఆమె రచనల్లో అత్యంత విలువైన భాగం ఇక్కడే ఉంది. హక్కు ఉన్నదా లేదా అని రాజ్యాంగపు పుటల్లో వెతకడంతో న్యాయశాస్త్రజ్ఞులు సాధారణంగా తృప్తి చెందుతారు. తొమషెవ్‌స్కీ అక్కడ ఆగక ప్రభుత్వ బడ్జెట్‌ను కూడా న్యాయపత్రంగా చదివారు. 1997లో సార్వత్రిక ప్రాథమిక విద్యను ప్రారంభించి, కుటుంబానికి నలుగురు పిల్లల చొప్పున రుసుము మినహాయించిన ఉగాండాను 1999లో పరిశీలించారు. 2003లో చైనాకు వెళ్ళారు. అక్కడి 1986 నాటి నిర్బంధ విద్యా చట్టం బోధన రుసుమును తొలగించినా, ఇతర రుసుములకు చోటు ఉంచింది. చట్టంలోని ఈ సందును ఆమె నిర్మొహమాటంగా ఎత్తిచూపారు. 2006లో సవరించిన చట్టం ఆ ఇతర రుసుములను కూడా తొలగించింది. అది ఆమె నివేదిక ఫలితమేనని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. ఆమె వేలుపెట్టి చూపిన చోటు సరైనదని మాత్రం చెప్పవచ్చు.

ప్రాథమిక విద్యలో రుసుముల విషయమై ప్రపంచబ్యాంకు అనుసరించిన విధానాన్ని కూడా ఆమె తన నివేదికల్లో పదేపదే ప్రశ్నించారు. 'విద్యాహక్కు' అనవలసిన చోట 'విద్యకు అవకాశం' అనే మాట వాడితే ఉచితం అన్న షరతు చడీచప్పుడు లేకుండా జారిపోతుందన్నది ఆమె వాదన. ఇది మాటల పట్టింపు కాదు. కొనగలిగినవానికీ అవకాశం ఉన్నట్లే లెక్క. హక్కును మాత్రం కొనుక్కోవలసిన పని లేదు. పదవీకాలం ముగిశాక 2005లో ప్రచురించిన వ్యాసానికి, ఐక్యరాజ్యసమితిలో విద్యాహక్కుకు భవిష్యత్తు ఉన్నదా అన్న అర్థమిచ్చే ప్రశ్ననే శీర్షికగా పెట్టారు. ఆమె మరణించిన 2006లో వెలువడిన ప్రపంచ నివేదికకు కూడా 'ఉచితమా, రుసుమా' అన్నదే కేంద్రం.

భారతదేశంలో ఇదే ప్రశ్న ఆంధ్రప్రదేశ్ నుంచి సుప్రీంకోర్టుకు చేరింది. క్యాపిటేషన్ ఫీజును నిషేధించిన 1983 నాటి రాష్ట్ర చట్టం కూడా అందులో చర్చకు వచ్చింది. 1993 నాటి ఉన్నికృష్ణన్ తీర్పులో ప్రధాన అభిప్రాయం రాసిన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి, పద్నాలుగేళ్ళు నిండేవరకు విద్యను 21వ అధికరణంలోని జీవించే హక్కు నుంచి రాబట్టారు. ఆ వయసు దాటాక మాత్రం ఆ హక్కును ప్రభుత్వ ఆర్థిక స్తోమతకు లోబరిచారు. అంటే ఖజానా కుంటిసాకు చెల్లని వయోపరిమితిని న్యాయస్థానం గీసింది. తొమషెవ్‌స్కీ కోరినదీ అటువంటి గీతనే. 2002లో 86వ సవరణ ఆ హక్కును 21-ఎ అధికరణంగా రాజ్యాంగంలో చేర్చింది. అదే సమయంలో ఆరేళ్ళలోపు పిల్లలను దాని పరిధి నుంచి తప్పించింది. విద్యాహక్కు చట్టం (2009) మూడవ సెక్షన్ పిల్లల చదువును 'నిరోధించే' రుసుములను, ఖర్చులను నిషేధిస్తుంది. ఏ ఖర్చు నిరోధిస్తుంది, ఏది నిరోధించదు అని తేల్చే భారం చివరకు పేద తల్లిదండ్రుల మీదనే పడుతుంది. తొమషెవ్‌స్కీ చదివి ఉంటే ఆ ఒక్క క్రియ దగ్గర తప్పక ఆగి ఉండేవారు.

ఆమె చట్రం తడబడేది నాలుగవ సూత్రం దగ్గర. బడి పిల్లలకు తగినట్లు మారాలి తప్ప పిల్లలు బడికి తగినట్లు కాదన్నది అనుకూలనశీలత సారం. వైకల్యం గల పిల్లల విషయంలో, అల్పసంఖ్యాక వర్గాల విషయంలో దీనిని కాదనలేము. పనిచేసే పిల్లల విషయంలో ఇదే మాట రాత్రిబడికి, అనియత విద్యకు సమర్థనగా మారే ప్రమాదం ఉంది. 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా నాయకత్వంలో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ ఈ దారిని తిరస్కరించింది. బడిలో లేని ప్రతి బిడ్డనూ బాలకార్మికునిగానే లెక్కించింది. పనికి చదువును అతికించకుండా పిల్లలను పనినుంచి పూర్తిగా విడిపించి, వారధి శిబిరాల ద్వారా వయసుకు తగిన తరగతిలో, పగటి బడిలో చేర్పించింది. ఇక్కడ మారింది బడి కాదు. బడికి సిద్ధమైనది బిడ్డే. చతుస్సూత్రాన్ని అక్షరాలా వర్తింపజేస్తే ఇది తిరోగమనంగా కనిపించాలి. ఆచరణలో ఇది సూత్రం కన్నా ముందుంది.

న్యాయంగా చెప్పాలంటే తొమషెవ్‌స్కీ ఈ చిక్కును గమనించకపోలేదు. నిర్బంధ విద్య ముగిసే వయసు, పనిలో చేరదగిన కనీస వయసు ఒకటే కావాలని ఆమె పట్టుబట్టారు. ఆ షరతును నాలుగవ సూత్రం కిందనే చేర్చారు. ఆమె సూత్రాలను పట్టికలుగా మార్చుకున్న అనంతర నివేదికలు ఈ షరతును విడిచిపెట్టి, తరగతి గదిలోని సర్దుబాట్లను మాత్రమే నిలుపుకున్నాయి. మన చట్టం కూడా ఈ వయసులను ఆలస్యంగానే ముడివేసింది. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమలులోకి రాగా, పద్నాలుగేళ్ళలోపు పిల్లలతో పనిచేయించడాన్ని అన్ని వృత్తుల్లో నిషేధించిన బాలకార్మిక చట్ట సవరణ 2016లో వచ్చింది. అందులోనూ బడివేళల తర్వాత, సెలవు దినాల్లో కుటుంబ వృత్తికి సాయపడవచ్చునన్న మినహాయింపును ఉంచారు.