ఒత్తిడికి కులం లేదా?

పరీక్షా ఫలితాలు వచ్చిన ప్రతిసారీ మన పత్రికలు ఒకే వాక్యాన్ని తిప్పి తిప్పి రాస్తాయి: మార్కులే జీవితం కాదు. మానసిక నిపుణులు అదే అంటారు. మంత్రులు అదే అంటారు. సినిమా హీరోలూ అదే అంటారు. మాట మంచిదే, కాదనం. కానీ ఈ మాట ఎవరు, ఎవరికి చెప్తున్నారు? మార్కులు రాకపోయినా పొలమో, షాపో, మేనమామ కంపెనీయో ఉన్న ఇంట్లో పుట్టినవాడికీ, వాడలోంచి బయటపడటానికి మార్కులు తప్ప ఇంకో దారి లేని పిల్లకీ ఈ మాట ఒకే అర్థం ఇస్తుందా?

విద్యార్థుల మీది ఒత్తిడిని గురించి మాట్లాడే భాషని మధ్యతరగతికి ఇచ్చినవి సినిమాలే. అందుకే వాటిని చదవాల్సిన పని ఉంది. మేం ఇక్కడ మూడింటిని తీసుకుంటున్నాం. రాజ్‌కుమార్ హిరానీ 'త్రీ ఇడియట్స్' (2009), నితేశ్ తివారీ 'చిఛోరే' (2019), అదే ఏడాది మొదలై 2024లో మూడో సీజన్ వరకు వచ్చిన 'కోటా ఫ్యాక్టరీ'. మొదటిదాన్ని శంకర్ తమిళంలో తీస్తే అది 'స్నేహితుడు'గా తెలుగులోకీ వచ్చింది. ఈ కథలన్నీ చూసి మేమూ నవ్వాం, మేమూ ఏడ్చాం. ర్యాంకుల యంత్రం పిల్లల్ని నమిలేస్తోందని అంతమందికి చేరేలా చెప్పినందుకు వాటికి ఇవ్వాల్సిన గౌరవం ఇస్తూనే మా ప్రశ్నలు అడుగుతున్నాం.

'త్రీ ఇడియట్స్' చివర్లో ఒక రహస్యం బయటపడుతుంది. కాలేజీలో రాంచోగా అందరికీ తెలిసినవాడు అసలు రాంచో కాదు. జమీందారు ఇంటి తోటమాలి కొడుకు. దొరబిడ్డ పాత యూనిఫారం వేసుకుని బడిలో దొంగచాటుగా కూర్చుని పాఠాలు విన్న అనాథ. పట్టుబడ్డాక దొర ఒక బేరం పెడతాడు: నువ్వు చదువు, డిగ్రీ మా అబ్బాయి పేరు మీద తీసుకుంటాం. పిల్లవాడు సంతోషంగా ఒప్పుకుంటాడు. పట్టా దొరబిడ్డ గోడకెక్కుతుంది. తోటమాలి కొడుకు మాత్రం పట్టా లేకుండానే 400 పేటెంట్ల శాస్త్రవేత్త అవుతాడు.

దీన్ని సినిమా గొప్ప ఆదర్శంగా చూపించింది. జ్ఞానం కోసం చదవండి, డిగ్రీ కోసం కాదు అని. ఇది మాకు చాలా పాత కథలాగా కనిపిస్తుంది. ఏకలవ్యుడి దగ్గర బొటనవేలు తీసుకున్నారు, ఇక్కడ పట్టా తీసుకున్నారు. ఇచ్చినవాడు నవ్వుతూ ఇచ్చాడన్నది రెండు కథల్లోనూ ఉంది. తోటమాలిది ఏ కులమో సినిమా చెప్పదు. చెప్పనక్కర్లేదు కూడా, పనిని బట్టి ఎవరి అంతస్తు ఏదో చూసేవాళ్లకి తెలిసిపోతుంది. ఈ దేశంలో సర్టిఫికెట్ లేని తోటమాలి కొడుకుని ప్రయోగశాల గేటు లోపలికి ఎవడు రానిస్తాడు? సర్టిఫికెట్ ఉన్నవాణ్ణే 'ఏ కోటాలో వచ్చావ్' అని అడిగే చోట, సర్టిఫికెట్ అక్కర్లేదన్న ఆదర్శం ఎవరికి లాభం? తరతరాలుగా పట్టాలు పోగేసుకున్నవాళ్లు పట్టాని తక్కువ చేసి మాట్లాడగలరు. మా ఇళ్లలో లామినేషన్ చేయించి పెట్టుకున్న ఒక్క కాగితం అదే.

ఆ సినిమాలోనే రాజు అని ఇంకో కుర్రాడున్నాడు. మంచం పట్టిన తండ్రి, పెళ్లి కాని అక్క, నలిగిపోయిన తల్లి. వాడి ఇంటిని పాతకాలం నలుపు తెలుపు సినిమాలాగా చూపించి నవ్విస్తారు. వాడి చేతినిండా ఉంగరాలు, మనసునిండా భయం. భయపడకు, నిజం చెప్పు, ఉద్యోగం వస్తుంది అని సినిమా తీర్పు. భయం రాజు గుండెలో పుట్టిన జబ్బు అన్నట్టుగా. ఆ భయం ఇంట్లోని అప్పు నుంచి, ఇంకో అవకాశం లేకపోవడం నుంచి పుట్టిందన్న సంగతి నవ్వుల్లో కొట్టుకుపోయింది.

'చిఛోరే' ఇంకొంచెం ముందుకెళ్లింది. ఐఐటీ ర్యాంకు రాని కొడుకు చావు అంచుదాకా వెళ్తాడు. గెలిస్తే ఏం చేయాలో చెప్పాను గానీ ఓడితే ఏం చేయాలో చెప్పలేదే అని తండ్రి కుమిలిపోతాడు. ఈ పశ్చాత్తాపం నిజాయితీ ఉన్నది, తండ్రులందరూ వినాల్సింది. తర్వాత ఆయన తన పాత స్నేహితుల్ని పోగేసి, మేమూ ఓడినవాళ్లమేరా అని కాలేజీ రోజుల కథ చెప్తాడు. వాళ్లు ఓడిపోయింది దేంట్లో? హాస్టళ్ల మధ్య ఆటల కప్పులో. ఐఐటీ సీటు అప్పటికే వాళ్ల జేబులో ఉంది. ఓడినవాళ్లందరూ బాగా స్థిరపడ్డారు. ఓటమి కూడా ఒక ఆస్తి లాంటిదే, దాన్ని భరించే స్తోమతు ఉండాలి. ఆ హాస్టల్ వరండాల్లో 'నీ ర్యాంకెంత' అన్న ప్రశ్న కులాన్ని ఆరా తీయడానికి అడుగుతారన్న మాట సినిమాలో ఎక్కడా వినపడదు.

సినిమా చెప్పని కథ బయట నడుస్తూనే ఉంది. 2023 ఫిబ్రవరిలో బొంబాయి ఐఐటీలో మొదటి ఏడాది చదువుతున్న దళిత విద్యార్థి చనిపోయాడు. కుటుంబం కుల వివక్ష అంది. సంస్థ సొంతంగా వేసిన కమిటీ, వివక్షకి ప్రత్యేకమైన ఆధారం దొరకలేదు, చదువులో వెనకబడటం కారణం కావచ్చు అంది. ఆ ఒక్క ఘటన నిజానిజాలు ఇక్కడ తేల్చలేం. మేం ఎత్తి చూపేది ఆ వాక్యం నిర్మాణాన్ని. కులం ఒక పక్క, చదువు ఇంకో పక్క పెట్టి, ఇదైతే అది కాదు అన్నారు. తెలుగు మీడియంలోంచో మరాఠీ మీడియంలోంచో వచ్చి, తరగతిలో నోరు విప్పడానికి జంకి, సందేహం అడిగితే కోటావాడు అంటారేమోనని అడగకుండా ఉండిపోయి, వెనకబడిపోతే, అది చదువు కారణమా, కులం కారణమా? 'చదువు ఒత్తిడి' అనే మాట కులాన్ని కడిగేసే సబ్బులాగా పనిచేస్తోందన్నదే మా వాదన.

'కోటా ఫ్యాక్టరీ' ఈ మూడింటిలోకీ నిజానికి దగ్గరగా వచ్చింది. ఇటార్సీ నుంచి కోటా చేరిన వైభవ్ పాండేని ఏ-10 అనే అడుగు బ్యాచ్‌లో వేస్తారు. పై బ్యాచ్‌కి ఎక్కాలని వాడి ఆరాటం. పక్కనే మీనా అనే స్నేహితుడు ఉంటాడు. రాజస్థాన్‌లో మీనాలు షెడ్యూల్డు తెగ. అయినా బ్యాచ్ బాధ మాత్రం ప్రధానంగా పాండే బాధగానే మనకి చేరుతుంది. మెట్లు కట్టి మనుషుల్ని కూర్చోబెట్టడం పాండేకి పదహారో ఏట కొత్తగా ఎదురైన అవమానం. మాకది పుట్టుకతో వచ్చింది. గోనెపట్టా ఇంటినుంచి తెచ్చుకుని తరగతిలో విడిగా కూర్చున్న భీమ్‌రావు అనే కుర్రాడి సంగతి తెలిసినవాళ్లకి బ్యాచ్‌లు అంటే ఏమిటో వేరే చెప్పాలా?

కోటా దాకా ఎందుకు? విజయవాడ, గుంటూరు, హైదరాబాదుల్లో ఇంటర్మీడియట్ చదువునీ కోచింగునీ ఒకే ప్రహరీలో పెట్టిన రెసిడెన్షియల్ కాలేజీలు మనవే. మాలో ఒకరు ఎస్సీ హాస్టల్లో తెలుగు మీడియంలో పది పాసై, సర్కారు ఫీజు కట్టే పథకం కింద అట్లాంటి కాలేజీలో చేరినవారే. తెల్లారకముందే స్టడీ అవరు, వారం వారం టెస్టు, గోడకి ర్యాంకు షీటు. సర్కారు డబ్బు రావడం ఆలస్యమైనప్పుడల్లా క్లాసులోకి ఒకాయన వచ్చి 'స్కాలర్‌షిప్ పిల్లలు లేచి నిలబడండి' అనేవాడు. ఎవరేమిటో అప్పటిదాకా తెలియనివాళ్లకి కూడా ఆ పూటతో తెలిసిపోయేది. లేచినవాళ్లు అందరూ దాదాపు కింది బ్యాచ్‌లోనే ఉండేవాళ్లు. ఆదివారం తండ్రి ఫోన్ చేస్తే 'ఎట్లున్నవ్ బిడ్డా, సదువు నడుస్తున్నదా' అనేవాడు. 'మంచిగనే ఉన్న నాయినా.' అంతే, ఇంకో మాట లేదు. కూలి పోగొట్టుకుని కాయిన్ బాక్సు దగ్గర నిలబడ్డ మనిషికి ర్యాంకు షీటు గురించి ఏమని చెప్తారు?

ఈ 'మంచిగనే ఉన్న'లో ఉన్న బరువు మా మూడు కథల్లో ఏ కథకీ అందలేదు. వాటిలో ఒత్తిడి అంటే తండ్రి ఆశ కొడుకు ఇష్టాన్ని తొక్కడం. ఫోటోలు తీయాలనుకున్నవాణ్ణి ఇంజనీరింగులో వేయడం. మా పిల్లల మీద ఉన్నది ఇంటి ఆశ మాత్రమే కాదు, ఇంటి అవసరం. తండ్రి మీద తిరగబడితే తీరేది కాదు.

తమిళనాడు అరియలూరు జిల్లా అనితని గుర్తు చేసుకుందాం. మూటలు మోసే తండ్రి కూతురు, దళిత బిడ్డ. ప్లస్ టూలో 1200కి 1176 మార్కులు. అంతకుముందటి ఏడాది దాకా ఆ రాష్ట్రంలో ఆ మార్కులతోనే మెడిసిన్ సీటు వచ్చేది. 2017లో నీట్ అడ్డం వచ్చింది. ఆ పిల్ల ఏడుస్తూ కూర్చోలేదు, సుప్రీంకోర్టు దాకా వెళ్లి వాదించింది. కోర్టులో ఓడిపోయాక 2017 సెప్టెంబర్ 1న మనకి దూరమైంది. పదిహేడేళ్లు. ఆమెకి 'మార్కులే జీవితం కాదు' అని చెప్పగలిగే నోరు ఎవరికుంది? ఆమె చదవాల్సింది చదివింది. కొలబద్ద మార్చింది మనం. ఇంటి దగ్గర చదివే పిల్లకీ, లక్షలు పోసి కోచింగు కొనుక్కునే పిల్లకీ ఒకే కొలబద్ద పెట్టి దానికి ప్రతిభ అని పేరు పెట్టాం. ఆమె చావుని మేం పోరాటంగా కీర్తించం. ఆమె పోరాటం కోర్టుకెక్కడం. చావు ఆ పోరాటం మీద పడ్డ దెబ్బ.

ఇక లెక్కల సంగతి. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర నమోదు సంస్థ చెప్పింది. వయసు ఉంది, చదువు ఉంది, రాష్ట్రం ఉంది. కులం లేదు. కేంద్ర విద్యాసంస్థల వరకే 2021 డిసెంబరులో పార్లమెంటులో ఒక లెక్క చెప్పారు: 2014 నుంచి 2021 దాకా చనిపోయిన 122 మందిలో ఎస్సీలు 24, ఎస్టీలు 3, బీసీలు 41. సగానికి మించి మనవాళ్లే. అడిగితే అక్కడ లెక్క ఉంది. ఇంటర్ కాలేజీల్లో, కోచింగ్ సెంటర్లలో అడిగినవాడు లేడు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు తప్పుల తడకగా వచ్చి, ఇరవై మందికి పైగా పిల్లలు పోయారు. తెలుగులో సున్నా వేసిన పేపరు మళ్లీ దిద్దితే 99 వచ్చింది. అప్పుడు సాఫ్ట్‌వేర్ మీద చర్చ జరిగింది, జరగాల్సిందే. పోయిన పిల్లలు ఏ ఇళ్లవాళ్లు అన్న చర్చ మాత్రం జరగలేదు.

కోటాలో 2023లో గదుల ఫ్యాన్లకి స్ప్రింగులు బిగించమన్నారు. ఒక్క ప్రాణం నిలబడినా అది మంచి పనే, వెటకారం చేయం. కానీ ఫ్యాన్ మారినంత తొందరగా బ్యాచ్ మారలేదు. 2025 జులైలో సుప్రీంకోర్టు, విశాఖలో చదువుకుంటూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో ఇచ్చిన మార్గదర్శకాల్లో, మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడదీయడం, నలుగురిలో అవమానించడం సాధ్యమైనంతవరకు మానుకోవాలంది. ఎస్సీ, ఎస్టీ, బీసీ పిల్లలతో ఎట్లా మెలగాలో సిబ్బందికి శిక్షణ ఇవ్వాలంది. 'సాధ్యమైనంతవరకు' అన్న మాట చాలు, మన కాలేజీలకి ఏదీ సాధ్యం కాకపోవడానికి.

చివరగా మమ్మల్ని మేమూ అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. వాడలోంచి ఒక పిల్ల పై చదువుకి వెళ్తే మనం ఏం చేస్తున్నాం? ఫ్లెక్సీ కట్టి, దండ వేసి, నువ్వు మన జాతి పేరు నిలబెట్టాలి అంటున్నాం. అంబేద్కర్ చెప్పిన చదువుని మనమూ ర్యాంకుగా కుదించేశాం. పదహారేళ్ల పిల్ల భుజాల మీద ఊరిని, వాడని, ఉద్యమాన్ని పెట్టి, మళ్లీ ఓడిపోయి ఇంటికి రావడానికి ఆమెకి దారి ఉంచడం లేదు. ఆధిపత్య కులాల ఒత్తిడికి మన ప్రేమని తోడు చేస్తున్నాం. ఇది ఒప్పుకోవడానికి కష్టంగానే ఉంది.

కాబట్టి పట్టా వదులుకొమ్మని మాకు పాఠం చెప్పే కథలు మాకొద్దు, పట్టా కోసం పిల్లని బలిచ్చే ఇల్లూ మాకొద్దు. ఇంటర్ స్థాయి నుంచే చావుల లెక్కలో కులం రాయండి. స్కాలర్‌షిప్ పిల్లల్ని లేపి నిలబెట్టడాన్ని అవమానంగా గుర్తించి శిక్షించండి. బ్యాచ్‌లు తీసేయండి. మన ఇళ్లలో మాత్రం ఫోన్ చేసినప్పుడు 'సదువు నడుస్తున్నదా' కంటే ముందు ఇంకో మాట అడుగుదాం. 'ఇంటికి రావాలనిపిస్తే వచ్చెయ్ బిడ్డా, మళ్ల పోదువు' అందాం. మాకు సర్టిఫికెట్టూ కావాలి, పిల్లలూ కావాలి.