నగను తిప్పి చూడాలి

గోదావరి జిల్లాల్లో పెళ్ళి నగల ఎంపిక పుస్తెలతో మొదలవుతుంది. రెండు పుస్తెల్లో ఒకటి పుట్టింటివారిది, ఒకటి అత్తింటివారిది. వాటి ఆకారం, అంచు, మధ్య ఉబ్బు ఇంటి ఆనవాయితీని బట్టి మారతాయి. అందుకే మిగతా నగలన్నీ పెద్ద దుకాణంలో కొన్నవాళ్ళు కూడా పుస్తెలకు మాత్రం మంచిరోజు చూసి, తమ పద్ధతి తెలిసిన కంసాలికే బంగారం ఇస్తారు. ముహూర్తానికి అవి పసుపుతాడు మీద ఉంటాయి. నల్లపూసలూ గొలుసూ తరవాత చేరతాయి. వధువు ఒంటిమీది నగల్లో పుస్తెలు చిన్నవే. అయినా ఏళ్ళ తరబడి రోజూ మెడలో ఉండేవీ, సబ్బునూ చెమటనూ తట్టుకోవలసినవీ అవే. తాడు దూరే చోట అతుకు గట్టిగా, నున్నగా ఉందో లేదో చూడటం మొదటి పరీక్ష.

డెల్టాలో బంగారం అలంకారమూ, దాచుకున్న సొమ్మూ కూడా. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువల కింద వరి నిలకడగా పండింది. పంట డబ్బులో కొంత కాసులుగా మారింది. ఇక్కడ కాసంటే సుమారు ఎనిమిది గ్రాములు. కాసులపేరు ఆ పొదుపుకు నగ రూపం. అవసరం వచ్చినప్పుడు ఒకటి రెండు కాసులు విప్పి ఇచ్చినా మిగతా పేరు మెడకు నిండుగానే ఉంటుంది. కొత్తగా చేయించేటప్పుడు ఈ వీలును వదులుకోకూడదు. కాసులను పట్టీకి శాశ్వతంగా అతికించకుండా ఒక్కొక్కటీ కొక్కెంతో గుచ్చిన పనే మేలు.

చేతిపని విలువ తెలియాలంటే కంసాలి దగ్గర జరిగే వరస తెలియాలి. మేలిమి బంగారం నగకు పనికిరానంత మెత్తన. రాగి, వెండి తగుపాళ్ళలో కలిపి 22 క్యారెట్లకు దించుతారు. అంటే వెయ్యి పాళ్ళలో 916 బంగారం. మూసలో వెలిగారం వేసి కరిగించి కడ్డీ పోస్తారు. దాగలి మీద సాగగొడితే అది రేకవుతుంది. కమ్మచ్చులోని కన్నాల గుండా, పెద్దదాని నుంచి చిన్నదానికి, ఒక్కొక్కటిగా లాగితే తీగవుతుంది. దెబ్బ తిన్నకొద్దీ లోహం బిరుసెక్కుతుంది కనక మధ్యమధ్య కాల్చి మెత్తబరచాలి. ఎన్ని దెబ్బలకు ఒకసారి కాల్చాలో చెప్పే పుస్తకం లేదు. సుత్తి కింద లోహం పలికే తీరును బట్టి పనివాడు పోల్చుకుంటాడు. కుంపటీ ఊదుడుగొట్టమూ పోయి గ్యాసు మంట వచ్చినా ఈ తెలివి మాత్రం చేతిలోనే ఉంది.

నగిషీ పనిలో ఇది మరీ స్పష్టంగా కనిపిస్తుంది. రేకును లక్క పరుపు మీద అతికించి చిన్న ఉలులతో వెనకనుంచి కొడతారు. లక్క దెబ్బకు లొంగుతుంది, రేకును చిరగనివ్వదు. ఉబ్బు వచ్చాక తిప్పి, లోపల లక్క నింపి, ముందువైపు నుంచి హంస ముక్కూ నెమలి ఈకా లక్ష్మీదేవి కనుబొమా తీరుస్తారు. అచ్చులో కొట్టిన నగలో రెండు నెమళ్ళూ ఒకటే. చేత్తో చేసినదాంట్లో ఎడమ నెమలికీ కుడి నెమలికీ వెంట్రుకవాసి తేడా ఉంటుంది. ఆ తేడాను లోపమనుకుని వెనక్కిచ్చేవారున్నారు. పనిమంతుడి చేతిలో అది లోపం కాదు, సొంత గుర్తు. అసలు లోపాలు వేరు: అంచులు గరుకుగా ఉండటం, టంకం ముద్దలు కట్టడం, కొక్కేలు నగ బరువుకు చాలనంత సన్నగా ఉండటం. ఇవన్నీ దాక్కునేది వెనకవైపే. నగ చేతికి రాగానే ముందు తిప్పి చూడాలి.

రాళ్ళ నగల్లో కుందనపు పని వేరే శాస్త్రం. లక్క నింపిన గూటిలో రాయి పెట్టి, దాని చుట్టూ మేలిమి బంగారపు పలచని రేకును సన్నటి పనిముట్టుతో వత్తుతారు. అంత స్వచ్ఛమైన బంగారం వేడీ టంకమూ లేకుండా ఒత్తిడికే ఒకదానికొకటి అతుక్కుపోతుంది. కెంపుల కింద మెరిసే రేకు వేసి వెనక మూసేస్తారు కనక రాయి లోపలినుంచి వెలిగినట్టుంటుంది. ఇలాంటి నగను వేడినీళ్ళలో ముంచితే లక్క కదులుతుంది, రాయి మసకబారుతుంది. మెత్తటి పొడిగుడ్డే చాలు. గుట్టపూసల హారానికీ ఇదే జాగ్రత్త: ముత్యానికి సెంటూ పులుపూ పడవు. అలంకారమంతా అయ్యాక చివర్లో వేసుకుని, ముందుగా తీసేయాలి.

తూకంలో మోసపోయేదీ ఇక్కడే. లక్క, రాళ్ళు, ముత్యాలు పోగా నికర బంగారం ఎంతో బిల్లులో విడిగా రాయించాలి. తరుగు, మజూరీ వేరువేరు వరసల్లో ఉండాలి. 2021 జూన్ 16 నుంచి హాల్‌మార్క్ దశలవారీగా తప్పనిసరైంది. 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త నగ మీద అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు స్థానాల గుర్తు ఉండాలి. దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో ఎవరైనా సరిచూసుకోవచ్చు. అయితే కుందన్, పోల్కీ, జడావు నగలకు ఈ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. కాబట్టి అలాంటి నగకు చేసిన మనిషి మీద నమ్మకమూ, రాతలో ఉన్న హామీయే ఆధారం. బిల్లు వధువు పేరునే ఉండటం మంచిది. స్త్రీధనం ఆమె సొంత ఆస్తి అని 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

మజూరీ దగ్గర బేరం ఆడేముందు ఆ వృత్తి చూసిన దెబ్బను గుర్తుంచుకోవాలి. 1963లో బంగారం నియంత్రణ నిబంధనలు 14 క్యారెట్లకు మించి కొత్త నగ చేయకూడదన్నాయి. దేశమంతటా కంసాలులు ఉపాధి పోగొట్టుకుని వీధిన పడ్డారు. ఆ 14 క్యారెట్ల హద్దు కొన్నేళ్ళకే తొలగినా, 1968లో వచ్చిన బంగారం నియంత్రణ చట్టం 1990 వరకూ ఉంది. తరవాత అచ్చు యంత్రాలు వచ్చాయి. ఇంత జరిగినా నిలిచిన పనికి న్యాయమైన కూలి ఇవ్వడం దానం కాదు. అదీగాక, చేతిపని నగ తెగితే, పాతబడితే, మనవరాలి మెడకు కుదించాల్సివస్తే ఏ ఊరి కంసాలైనా విప్పి మళ్ళీ కూర్చగలడు.

నగ అందంగా ఉంటే చాలదు, పెళ్ళి తంతుకు ఇమడాలి. ఇక్కడ ముహూర్తాలు చాలావరకు రాత్రివేళ, గాలిలో ఉక్క, పీటల మీద గంటల తరబడి కూర్చోవాలి. నడినెత్తిన జీలకర్రబెల్లం పెడతారు, నుదుట బాసికం కడతారు. పాపిడిబిళ్ళ పెద్దదైతే రెంటికీ అడ్డమే. వడ్డాణం కొలత నిలబడి ఇస్తే కూర్చున్నప్పుడు డొక్కల్లో గుచ్చుకుంటుంది. నేలమీద కూర్చునే కొలత ఇవ్వాలి. బుట్టకమ్మలు బరువైతే చెంపస్వరాలు ఆ బరువును జుట్టుకు పంచుతాయి. మధుపర్కాల తెలుపు మీద పసుపు బంగారమూ కెంపులూ బాగా నిలుస్తాయి. ఉప్పాడ జాందానీ లాంటి పలచని నేతకు వంకీ అంచు, హారం కొక్కెం తగిలితే పోగు లేస్తుంది. కొనేముందు నగను ఒక పాత పట్టుగుడ్డ మీద లాగి చూస్తే సంగతి తెలిసిపోతుంది.

తోడిపెళ్ళికూతురు చిన్నపిల్ల. ఆమెకు బరువు నగలు పెట్టి రాత్రంతా కూర్చోబెట్టడం పెద్దల ముచ్చటే తప్ప పిల్లకు సుఖం కాదు. సన్నటి గొలుసు, వెండి పట్టీలు, గాజులు చాలు. ఆడపడుచులకూ స్నేహితురాళ్ళకూ ఒకే తీరు నగలు కావాలంటే మచిలీపట్నం దగ్గరి చిలకలపూడి పని ఉంది. అక్కడ రాగి, ఇత్తడి మీద బంగారు పూత పూసి హారాలు, వంకీలు, వడ్డాణాలు చేస్తారు. పూత నగను పూత నగగానే, దాని ధరకే కొంటే అందులో తక్కువతనం ఏమీ లేదు. లక్క పూసలూ గాజులూ ఏటికొప్పాక నుంచి తెప్పించుకోవచ్చు. పేరంటానికి కుంకుమ భరిణె, పన్నీరు బుడ్డి కావాలంటే 2007లో భౌగోళిక గుర్తింపు పొందిన కరీంనగర్ వెండి తీగపని చూడదగ్గది.

మంగళస్నానానికీ పెళ్ళికూతుర్ని చేసేరోజుకూ లోహం అసలు అక్కర్లేదు. రాజమండ్రి పక్కన కడియపులంక పూల మార్కెట్టు ఉండగా ఆ రోజు నగలన్నీ పూలతోనే కుదురుతాయి. పూలజడలో మల్లెమొగ్గలు, కనకాంబరాలు, మరువం, దొరికిన రోజుల్లో మొగలిరేకులు వరసలు వరసలుగా కుడతారు. మొగ్గలన్నీ ఒకే ఈడువి కావాలి. కొన్ని ముందే విచ్చుకుంటే జడ చెదిరినట్టవుతుంది. అందుకని సాయంత్రం వేడుకకు ఆ ఉదయం కోసిన మొగ్గనే తెప్పించి, తడిగుడ్డలో ఉంచి, మధ్యాహ్నం దాటాక కుట్టడం మొదలుపెడతారు. కుట్టేవాళ్ళతో పెళ్ళి ఖాయమైనప్పుడే మాట్లాడుకోవాలి. శ్రావణ మాఘ మాసాల ముహూర్తాల్లో మొగ్గలు దొరికినా, కుట్టే చేతులు దొరకడం కష్టం.