తాటాకు బుట్ట: తడి లెక్క తెలిసిన పని

నెల్లూరు జిల్లాలో బకింగ్‌హాం కాలువ దాటి సముద్రం వైపు నడిస్తే అంతా ఇసుక నేల. మైపాడు, కొత్తకోడూరు, రామతీర్థం, తుమ్మలపెంట, ఏ ఊరి దారి పట్టినా ఉప్పుగాలికి, ఎండకు ఓర్చుకుని నిలబడి ఉండేది తాటిచెట్టు. దాని మాను దూలానికి, ముదురాకు కప్పుకు, పెళ్లి పందిరికి, మట్ట నార తాడుకు పనికొస్తాయి. విసనకర్ర దాని ఆకే, పిల్లల బొమ్మల పెళ్లిలో పెళ్లికొడుకూ పెళ్లికూతురూ దాని ఆకులే. వీటన్నిటిలో చూడటానికి తేలిక, చేయడానికి మెలకువ ఎక్కువ కావలసింది తాటాకు బుట్ట. మేకు, జిగురు, దారం ఏవీ లేకుండా నిలబడే ఆ బుట్టను విప్పి చూస్తే పనితనమంటే ఏమిటో తెలుస్తుంది.

ముందు ఆకును చూడాలి. ఒక్క ఆకే అయినా అందులో మూడు రకాల సరుకుంది. కింద మట్ట: గట్టిగా, పీచుగా, రెండంచులా నల్లటి రంపపు పళ్లతో ఉంటుంది. దాని చివర గుండ్రంగా విచ్చుకున్నవి రేకులు, 60 నుంచి 80 దాకా. ఒక్కో రేకు నడుమ ఒక ఈనె. ప్రతి రేకూ తన ఈనె వెంట మడతపడి ఉంటుంది. మీటరు పైగా చాచుకున్న పలుచని ఆకు సముద్రపు గాలికి వాలిపోకుండా నిలిచేది ఈ మడతల బలంతోనే. అల్లే మనిషి మొదట ఈ బలాన్ని విడదీస్తుంది. ఈనెను లాగేస్తే ఒక్కో రేకు రెండు మెత్తని పట్టీలవుతుంది. పట్టీలు అల్లికకు, ఈనెలు అంచు కుట్టుకు, మట్ట నార పిడికి పోతాయి. పారేయాల్సింది రంపపు పళ్లను చెక్కిన పొట్టు మాత్రమే.

బుట్టకు ఏ ఆకు పడితే ఆ ఆకు పనికిరాదు. ముదురాకు పెళుసు. ఇంకా పూర్తిగా విచ్చుకోని మొవ్వు ఆకు కావాలి. వెలుతురు సరిగా తగలక అది వెన్నరంగులో ఉంటుంది, వంచితే వంగుతుంది. అయితే తాటికి కొమ్మల్లేవు, చిగురు పుట్టే చోటు నడినెత్తిన ఒక్కటే. అక్కడ దెబ్బ తగిలితే చెట్టే పోతుంది. అందుకే చెట్టెక్కే మనిషి కత్తి ఎంత దాకా దించాలో తెలిసినవాడై ఉండాలి. బుట్ట నాణ్యత నేల మీద కాదు, చెట్టు మీదే మొదలవుతుంది.

ఇక అసలు విద్య తడి లెక్క. ఎండిన పట్టీని మడిస్తే పుటుక్కున విరుగుతుంది. బాగా నానిన పట్టీ ఉబ్బుతుంది. ఉబ్బినప్పుడు ఎంత బిగించి అల్లినా, ఆరాక అది ముడుచుకుని అల్లికలో సందులు పడతాయి. దీనికి విరుగుడు ముందుగానే ఉంది. పచ్చి ఆకు ముడుచుకోవలసినంత ముడుచుకునే దాకా ఎండబెడతారు. అల్లే ముందు మళ్లీ నీళ్లు చిలకరించి తడిగుడ్డలో చుట్టి ఉంచుతారు. వేలికి చుట్టుకుంటే విరగకూడదు, పిండితే నీటిచుక్క రాకూడదు. అదీ కొలత. ఆ కొలత చూపించే పరికరం వేలికొసే. గాలిలో తేమ ఎక్కువగా ఉండే తెల్లవారుజామున పట్టీలు త్వరగా ఆరిపోవు కాబట్టి చేతిపని సాఫీగా సాగుతుంది.

ఒకప్పుడు తాటాకు మీద రాసిన వాళ్లకూ ఈ లెక్క తెలుసు. ఆకును ఉడకబెట్టి, నీడన ఆరబెట్టి, నున్నగా రుద్దాకే గంటం పట్టేవారు. అక్షరాన్ని గీసి ఆ గీతలోకి మసి దిగేలా రుద్దేవారు. నెల్లూరులో మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన 13వ శతాబ్దంలో మహాభారతాన్ని విరాటపర్వం మొదలుకొని 15 పర్వాలు తెనిగించిన నాటికి పుస్తకమంటే తాటాకుల కట్టే. అల్లికకైనా అక్షరానికైనా ముందు ఆకును లొంగదీసుకోవాలి.

బుట్ట అడుగు నుంచి లేస్తుంది. కొన్ని పట్టీలను పక్కపక్కన పరిచి, వాటికి అడ్డంగా మరికొన్నిటిని ఒకటి పైన, ఒకటి కింద పోనిస్తూ చదరంగా అల్లుతారు. ఇంత వరకు అది చాప. చాప బుట్టగా మారే చోటు చదరం మూల అనుకుంటాం. నిజానికి అది ప్రతి పక్కకూ నడిమధ్య. అక్కడ పక్కపక్కనే సాగుతున్న రెండు పట్టీలను ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా దాటిస్తారు. సమాంతరంగా ఉన్నవి ఎదురెదురు దారులు పట్టడంతో బల్లపరుపు ఆకు పైకి లేచి మూలగా నిలుస్తుంది. నాలుగు పక్కలా ఇలా చేస్తే నాలుగు మూలలు. అల్లిన చదరంలో సరిగ్గా సగం అడుగవుతుంది. మిగతా నాలుగు త్రికోణాలు గోడలుగా నిలబడతాయి. గోడల్లో పట్టీలు ఏటవాలుగా ఎక్కేది ఇందుకే. మూలల దగ్గర కోత లేదు, అతుకు లేదు. అందుకే తెగడానికి అక్కడ బలహీనమైన చోటూ లేదు.

గోడ లేచాక పని ఆపి బుట్టను కాసేపు ఆరనిస్తారు. ఆకు ముడుచుకుని వదులైన చోట్ల పట్టీలను ఒక్కొక్కటిగా కిందికి సర్ది బిగిస్తారు. ఆ తర్వాతే అంచు. ఒక్కో పట్టీని కావలసిన ఎత్తులో మడిచి, దిశ మార్చి, వచ్చిన అల్లిక వెంటే కిందికి దూరుస్తారు. దాంతో అంచు దగ్గర ఆకు రెండు పొరలవుతుంది. ఎక్కువ చేతులు పడే చోటే ఎక్కువ మందం. అంచును ఈనెతో కుట్టి, మిగిలిన కొసలను అల్లిక కిందికి దాచి కోస్తారు. పిడికి మట్ట నారను నానబెట్టి, బాది, పీచు తీస్తారు. రెండు పాయలను విడివిడిగా ఒక వైపుకు మెలిపెట్టి, రెంటినీ కలిపి ఎదురు వైపుకు పెనవేస్తారు. ప్రతి పాయా విడిపోవాలనే చూస్తుంది, ఆ విడిపోయే బలమే రెండో పాయను పట్టి ఉంచుతుంది. తాడు నిలిచేది ఈ పెనుగులాట మీదే.

ఈ మెలకువ తాటాకుతో ఆగిపోలేదు.  మీ ఇంట్లో దళసరి కాగితముంటే మీరూ చేసి చూడొచ్చు. 2 సెంటీమీటర్ల వెడల్పు, 60 సెంటీమీటర్ల పొడవున్న పట్టీలు 16 కోయండి. అటు 8, ఇటు 8 వేసి నడుమ చదరం అల్లండి. అది కదలకుండా నాలుగు మూలలకూ బట్టల క్లిప్పులు పెట్టండి. ప్రతి పక్కనా నాలుగో పట్టీని, ఐదో పట్టీని ఒకదాని మీదుగా ఒకటి దాటించి, అక్కడో క్లిప్పు పెట్టండి. 16 సెంటీమీటర్ల చదరం నుంచి, పక్క 11 సెంటీమీటర్ల పైచిలుకు ఉన్న అడుగు పైకి లేస్తుంది. చదివినప్పుడు చిక్కుగా తోచిన మూల, చేతిలోకి వచ్చాక చాలా సులువు.

ఇంట్లో తాటాకు బుట్ట ఉంటే గాలి ఆడే చోట ఉంచండి, తడి సరుకు వేసి మూత పెట్టకండి, బూజు పడుతుంది. నొక్కుకుపోయిన చోట నీళ్లు చిలకరించి, మెత్తబడ్డాక చేత్తో సరిచేసి, లోపల గుడ్డలు కుక్కి ఆరనివ్వండి. పాత రూపం తిరిగి వస్తుంది. కొనేటప్పుడు బుట్టను వెలుగుకేసి ఎత్తి చూడండి. సందుల్లోంచి వెలుతురు చారలుగా పడితే అది పచ్చిగా అల్లినది. ఆ తర్వాత అంచు తడిమి చూడండి. పట్టీల కొసలు ఎక్కడా వేలికి తగలకపోతే, బేరమాడకుండా అడిగిన ధర ఇచ్చేయండి.